కంటే, ఠారు, దేన్

గేట్ బజార్‌లో మా పక్కింటి పాప ఓ సాయంత్రం బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. "మై బ్రదర్ ఈజ్ మోర్ ఎల్డర్ దేన్ మీ" అన్నదని తరగతిలో అందరూ నవ్వారట. ఇక ఇంగ్లీషులో నోరే విప్పనని మొండికేసింది.

నేను దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "అన్నయ్య నాకంటే పెద్ద" అన్నప్పుడు "పెద్ద" మారిందా? లేదు. ఒడియాలో "మో ఠారు బొడొ" అన్నా అంతే. మనకు భారమంతా "కంటే", "ఠారు"ల మీదే. ఇంగ్లీషులో "దేన్" ఒక్కటే చాలదు, గుణం చెప్పే మాట కూడా మారాలి. చిన్న మాటైతే చివర "అర్" చేరుతుంది, పెద్ద మాటైతే ముందు "మోర్" వస్తుంది. రెండూ కలిపి వాడరు. పైగా "ఎల్డర్ బ్రదర్" అనవచ్చు గానీ, "దేన్" ముందు "ఓల్డర్" అనాలి. సీనియర్, జూనియర్ పక్కన మాత్రం "దేన్" కాదు, "టు".

"బరంపురం ఎండ విశాఖ కంటే ఎక్కువ" అంటే మనకు అర్థమవుతుంది. అదే ఇంగ్లీషులో మాటకు మాట పెడితే ఎండకూ ఊరికీ పోటీ పెట్టినట్టుంటుంది. "బరంపురం ఈజ్ హాటర్ దేన్ విశాఖ" అంటే హాయిగా ఉంటుంది.

1936లో ఒరిస్సా ఏర్పడి, మద్రాసు నుంచి మన ఊరు అందులో చేరింది. ఇక్కడి తెలుగు పిల్లలు మూడు భాషలు మోస్తున్నారు. వాళ్ల తప్పు తెలివితక్కువతనం కాదు, ఇంటి వ్యాకరణం. నవ్వకుండా దిద్దుదాం.

వారం తర్వాత పాప వచ్చి, "పిన్నిగారూ, ఇవాళ నేనే ముందు చెయ్యెత్తాను" అంది.