చంకలో పాప, చేతిలో కెమెరా

ఈసారి గోడపత్రికకు మీ మీ ఊళ్ళలో జరిగే పని ఏదైనా ఒకటి వివరంగా రాయండి అని మేడమ్ చెప్పగానే క్లాసులో అందరూ పంచుకున్నారు. శిడ్లఘట్ట పట్టు ఒకరికి పోయింది, చింతామణి టమోటా మండీ ఇంకొకరికి, చిక్కబళ్ళాపురం పూలు మూడో ఆమెకు. బాగేపల్లి దాన్ని నాకేం మిగిలింది? మా ఇంటి పనే మిగిలింది.

మా అక్క, బావ పెళ్ళిళ్ళకు పోయి ఫోటోలు, వీడియో తీస్తారు. ఫోటోలు అక్క, వీడియో బావ. పోయిన ఏడు వాళ్ళకు పాప పుట్టింది. ఐదో నెల నిండగానే పాపను కూడా తీసుకొని మళ్ళీ పనికి బయలుదేరారు. సెలవులు ఉన్నప్పుడల్లా నాలుగో మనిషిని నేను. నా పని పాపను ఎత్తుకోవడం, లైటు స్టాండు పట్టుకోవడం. రెండూ ఒకేసారి చెయ్యలేమని మొదటి పెళ్ళిలోనే తెలిసిపోయింది.

ఇప్పుడు అందరి నోట 'డెస్టినేషన్ వెడ్డింగ్' అనే మాట వినిపిస్తోంది కదా. సొంత ఊరూ కాదు, అత్తగారి ఊరూ కాదు, మూడో ఊరికి రెండు వైపుల వాళ్ళూ పోయి రెండు మూడు రోజులుండి చేసుకునే పెళ్ళి. విదేశాలకు పోయి ఎందుకు, మన దేశంలోనే చేసుకోండి అని 2023 నవంబరులో ప్రధానమంత్రి కూడా రేడియోలో చెప్పారు. ఆలోచిస్తే ఇది మనకు కొత్తేమీ కాదు. మా అవ్వ పెళ్ళి తిరుపతిలో జరిగింది, బస్సు మాట్లాడుకొని ఊరంతా పోయారంట. మొక్కుబడి ఉన్నవాళ్ళు ఘాటి సుబ్రహ్మణ్యకు పోయేవాళ్ళు. అప్పుడు దేవుడి కోసం పోయేవాళ్ళు, ఇప్పుడు ఫోటో వెనకాల ఏం కనిపిస్తుందో దాని కోసం పోతున్నారు. బెంగళూరు వాళ్ళకు మా నంది కొండ కింది రిసార్టులు డెస్టినేషన్. మాకేమో అది బస్సులో నిద్రపోతూ దాటిపోయే దారి.

నంది ఊళ్ళోని భోగనందీశ్వర గుడి చూడనివాళ్ళు మనలో తక్కువ. చూసినా లోపలి కల్యాణ మంటపం దగ్గర ఆగి చూసినవాళ్ళు ఇంకా తక్కువ. అరుణాచలేశ్వరుడికీ భోగనందీశ్వరుడికీ మధ్యలో ఉమామహేశ్వరుల సన్నిధి ఉంది. దాని ముందర నాలుగు నల్లరాతి స్తంభాలు. వాటి మీద శివపార్వతులు, బ్రహ్మ సరస్వతులు, లక్ష్మీనారాయణులు, అగ్ని స్వాహాదేవి. నాలుగు స్తంభాలకు నాలుగు జంటలు. కింద స్వామిది బాల్యం, యౌవనం అనీ, కొండ మీద యోగనందీశ్వరుడు సన్యాసి అనీ చెప్తారు. అందుకే కొత్త జంటలు కింది గుడికే వస్తారు. అక్క ఆ స్తంభాల దగ్గర జంటను నిలబెట్టి తీసిన ఫోటోలే ఆమెకు పేరు తెచ్చాయి. అయితే అది పురావస్తు శాఖ వాళ్ళ సంరక్షణలో ఉన్న గుడి. చేతిలో కెమెరా వేరు, స్టాండు వేసి లైట్లు పెట్టి తీయడం వేరు. దానికి ముందే అనుమతి తీసుకోవాలి. కొడికొండ చెక్‌పోస్టు దాటి లేపాక్షికి పోయినా ఇదే మాట. అక్కడి కల్యాణ మంటపం సగంలో ఆగిపోయింది, పైకప్పు లేదు. ఫోటోగ్రాఫరుకు ఆ లోపమే వరం, వెలుతురు నేరుగా మనుషుల మీద పడుతుంది.

ఇక అసలు పని. పెళ్ళి ఫోటో అంటే అందరినీ స్టేజీ మీద వరసగా నిలబెట్టి తీసేదని నేను అనుకునేదాన్ని. కాదు. ఐదారు క్షణాలు ఉంటాయి, అవి మళ్ళీ రావు. మిగతా వేల ఫోటోలు ఆ ఐదారింటి చుట్టూ పేర్చిన పూలలాంటివి. ఆ క్షణాలు ఏవి అనేది ఒక్కో ఇంటికి ఒక్కో రకం. తెలుగు వాళ్ళకు ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. అడ్డుతెర దించడం, ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టడం, తొలిసారి ఒకర్నొకరు చూసుకోవడం, అన్నీ అర నిమిషంలో అయిపోతాయి. కన్నడ ఇళ్ళలో ధారె ముఖ్యం. వధూవరుల చేతుల్లో కొబ్బరికాయ పెట్టి, అమ్మానాన్నలు దాని మీద ధార పోస్తారు. తర్వాత గట్టిమేళం, మాంగల్యం. మా తాలూకాల్లో చాలా ఇళ్ళలో రెండూ ఉంటాయి. పురోహితుడు ఏ భాషలో మాట్లాడుతున్నాడో, 'ధారెకు రండి' అని ఎవర్ని పిలుస్తున్నాడో చెవిలో పడితే చాలు, అక్క ముందే చోటు పట్టుకుంటుంది. మా ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న కన్నడ. చిన్నప్పుడు రెండు భాషలూ కలిపి మాట్లాడితే బడిలో నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆ కలగాపులగమే అక్కకు అన్నం పెడుతోంది.

వేళలు కూడా వేరే. కోస్తా వైపు తెలుగు వాళ్ళకు అర్ధరాత్రి ముహూర్తాలు ఎక్కువ. మా వైపు ముందు రోజు సాయంత్రం రిసెప్షన్, మర్నాడు పొద్దున్నే ముహూర్తం. అంటే రాత్రి 11కు లైట్లు సర్ది, 3 గంటలకు మళ్ళీ లేవాలి. పెద్దవాళ్ళకే కష్టం, పాపకు ఎట్లా చెప్పేది? అందుకని అక్క లెక్క వెనక నుంచి మొదలవుతుంది. ముహూర్తం 6:10 అయితే 5:15కు పాలు పట్టాలి, 5:40కు నిద్రపుచ్చాలి, అంటే పాప 3:30కు లేవాలి. ఈ లెక్క కాగితం మీద చక్కగా ఉంటుంది. పాప కాగితం చదవదు.

పిండి పెట్టుకున్న తల్లిపాలు మామూలు గది వేడిలో, అంటే 25 డిగ్రీల లోపల, నాలుగు గంటలు ఉంటాయి. వైశాఖంలో మా దగ్గర 25 డిగ్రీలు ఎక్కడిది? ఐసు పెట్టె తప్పదు. కెమెరా సంచీ ఒకటి, పాల పెట్టె ఒకటి. రెండూ నలుపు రంగువే కొన్నారు. ఒకసారి బావ స్టేజీ మీద బ్యాటరీ కోసం తెరిస్తే పాలసీసా బయటికి వచ్చింది. పెళ్ళికొడుకు నవ్విన ఆ ఫోటో ఆల్బంలో మొదటి పేజీలో ఉంది. ఇంకొక జాగ్రత్త: ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు. పెళ్ళివాళ్ళు ప్రేమతో పంచామృతం నాకించబోతారు, వద్దంటే నొచ్చుకుంటారు. నేను 'డాక్టరు చెప్పారండి' అనేస్తాను. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. వాలగం, డీజే మోతకు చెవులు కప్పే మఫ్‌లు కొన్నారు. ఇదివరకు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఇద్దరూ బైకు మీదే పోయేవాళ్ళు. ఇప్పుడు కారు అద్దెకు తీసుకుంటారు. తొమ్మిది నెలలు దాటి నాలుగేళ్ళ లోపు పిల్లలకు బైకు మీద హెల్మెట్టు, రక్షణ బెల్టు, 40 కిలోమీటర్లు దాటని వేగం ఉండాలని 2023 నుంచి నియమం వచ్చింది. అంతకన్నా చిన్న బిడ్డను, మూడు సంచులతో, హైవే మీద బైకులో ఎవరు తీసుకుపోతారు? కారు అద్దె లాభంలోంచి పోతుంది.

'అంత అవస్థ ఎందుకు, ఒక ఏడాది ఇంట్లో ఉండొచ్చు కదా' అని మీరు అడుగుతారు. మా అవ్వా అడిగింది.

"పసిబిడ్డను సంకలో ఏసుకొని పెండ్లిండ్ల ఎంట తిరిగేదేందే?"

"నువ్వు మామను చెట్టుకు ఉయ్యాల కట్టి సేవంతి పూలు కొయ్యలేదా అవ్వా?" అంది అక్క.

అవ్వ మాట్లాడలేదు. సేపయ్యాక "అది మన తోట" అంది. అది కూడా నిజమే.

కంపెనీలో పనిచేసే ఆడవాళ్ళకు 2017 సవరణ తర్వాత 26 వారాల జీతంతో ప్రసూతి సెలవు ఉంది. అక్కకు కంపెనీ లేదు. ఆమె సెలవు ఆమే ఇచ్చుకోవాలి, జీతం ఎవరూ ఇవ్వరు. పైగా ఈ పని ఏడాది పొడుగునా ఉండదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, ధనుర్మాసంలో లేవు, మూఢం వస్తే లేవు. మిగిలిన మాసాల్లో మంచి ముహూర్తాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక సీజన్ వదిలేస్తే ఆరు నెలల తిండి పోయినట్టే. వదిలేసిన ఫోటోగ్రాఫరును జనం మర్చిపోతారు కూడా.

ఇంకొక సంగతి ఉంది. పెళ్ళికూతురి గదిలోకి ఆడ ఫోటోగ్రాఫరు పోయినట్టు మగవాళ్ళు పోలేరు. చీర కడుతున్నప్పుడు, జడ వేస్తున్నప్పుడు అమ్మాయి ముఖంలో కనిపించే బెదురు, సంతోషం స్టేజీ మీద కనిపించవు. ఇది పాత సంగతే. హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ 1892లోనే పరదాలో ఉండే ఆడవాళ్ళ కోసం వేరుగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. 130 ఏళ్ళు దాటాయి, ఆ గది తలుపు ఇప్పటికీ ఆడవాళ్ళకే తొందరగా తెరుచుకుంటుంది. చంకలో బిడ్డ ఉంటే ఇంకా తొందరగా. 'ఎన్నో నెలమ్మా' అని మొదలుపెట్టి పెద్దవాళ్ళు ఇంటి కథంతా చెప్పేస్తారు. ఎవరికి ఎవరంటే పడదో, ఎవర్ని ఎవరి పక్కన నిలబెట్టకూడదో అక్కకు ఫోటోలు తీయకముందే తెలిసిపోతుంది.

ఇప్పుడు మహాబలిపురం సంగతి చెప్పాలి. చెప్పకుండా తప్పించుకుందామనే అనుకున్నాను.

బెంగళూరు కుటుంబం ఒకటి సముద్రం ఒడ్డున పెళ్ళి పెట్టుకుంది. చింతామణి, ముళబాగిలు, చిత్తూరు మీదుగా కారులో పోయాం. చేరిన సాయంత్రం మొదటి పాఠం: ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను సముద్రపు గాలిలోకి తీస్తే అద్దం మీద మంచు పట్టినట్టు తేమ కమ్ముకుంటుంది. తుడిచినా మళ్ళీ వస్తుంది. మూసిన సంచీలో పెట్టి అరగంట ముందే బయట ఉంచాలి. రెండో పాఠం పొద్దున. డెకరేషన్ వాళ్ళు వధూవరుల వెనక సముద్రం కనిపించేటట్టు పీటలు వేశారు. పురోహితుడు వచ్చి తూర్పు ముఖంగా కూర్చోవాలన్నాడు. అక్కడ సముద్రం తూర్పునే ఉంది! పీటలు తిప్పారు. ఉదయపు ఎండ జంట ముఖాల మీద బంగారంలా పడింది, ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. కానీ సముద్రం అక్క వీపు వెనకాల ఉండిపోయింది. అంత దూరం ఎందుకు పోయారో ముహూర్తం ఫోటోలు చూస్తే తెలియదు.

ఆ రోజు పాప 5:15కు పాలు తాగలేదు. ఇసుక, గాలి, కొత్త చోటు. ధారె మొదలయ్యే వేళకు గుక్క పట్టి ఏడుస్తోంది. నేను ఎత్తుకొని తిప్పాను, చెవులకు మఫ్‌లు పెట్టాను, పాట పాడాను. ముఖం ఎర్రగా అయిపోతుంటే భయం వేసి మంటపం పక్కకు పోయి అక్క చున్నీ లాగాను. అక్క ఒక్కసారి తల తిప్పి, పాపను తీసుకొని, భుజం మీద వేసుకొని నాలుగు సార్లు తట్టింది. నిమిషం కూడా పట్టలేదు. పాప ఊరుకుంది. ఆ నిమిషంలో పెళ్ళికూతురి నాన్న ధార పోస్తూ పోస్తూ ఏడ్చేశాడంట. ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడంట. నేను చూడలేదు, అక్క చూడలేదు.

రెండు వారాల తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసి ఆ ఒక్క ఫోటో అడిగింది. అక్క అబద్ధం చెప్పలేదు, తీయలేదండి అంది. బావ వీడియోలో మాత్రం దొరికింది. 4కె వీడియోలో ఒక్కో ఫ్రేము సుమారు 83 లక్షల చుక్కలు, ఫోటోకు 2 కోట్ల 40 లక్షలు. చుక్కలు తక్కువైనా ఆల్బం పేజీకి సరిపోతాయి. చిక్కు వేరే ఉంది. వీడియోలో ఒక్కో ఫ్రేముకు సెకనులో యాభయ్యో వంతు వెలుతురు పడుతుంది. చెయ్యి కదిలితే చెయ్యి చెరిగిపోతుంది. కళ్ళు తుడుచుకుంటున్న ఆ చెయ్యి చెరిగిపోయే ఉంది, ముఖం మాత్రం తెలుస్తోంది. అక్క దాన్ని పావు పేజీకి తగ్గించి పెట్టింది. వాళ్ళు చివరి డబ్బులో ఐదు వేలు తగ్గించి ఇచ్చారు. బావ అడుగుదామన్నాడు, అక్క వద్దంది. నన్ను మాత్రం ఇద్దరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటి నుంచి పద్ధతి మారింది. ముహూర్తానికి ముందు పావుగంట, తర్వాత పావుగంట నేను, పాప మంటపం నుంచి దూరంగా గదిలో ఉంటాం. జ్వరం వచ్చినా, పడిపోయినా ముందు పెళ్ళివాళ్ళలో ఎవరో ఒక పెద్దామెను పిలవాలి, అక్కను కాదు. బావ స్టాండు మీద రెండో కెమెరా ఒకటి వధువు తల్లిదండ్రుల వైపే తిప్పి, దానంతట అదే తీసుకునేటట్టు పెడుతున్నాడు. పాప ఏడ్చినప్పుడు ఆ పావుగంట ఎంత పొడుగో నాకు తెలుసు. తలుపు అవతల మేళం వినిపిస్తుంటుంది, అక్క అక్కడే యాభై అడుగుల దూరంలో ఉంటుంది, పిలవకూడదు.

మాఘంలో మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నారు. ఒకటి నందిలో, ఒకటి లేపాక్షి దగ్గర, ఒకటి హంపిలో. హంపి పెళ్ళి రోజే మన ఇంటర్నల్స్ మొదలు. అక్కకు ఇంకా చెప్పలేదు. అవ్వను అడిగితే, "నాకు కారులో కడుపులో తిప్పుతాదే" అంది గానీ, రానని మాత్రం అనలేదు.