ఘోటుల్: కలిసి పనిచేయడం నేర్పిన బడి

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం తెలుగు నేలకు ఇరుగుపొరుగు. ఆ అడవులగుండా ప్రవహించే ఇంద్రావతి చివరకు గోదావరిలోనే కలుస్తుంది. అక్కడి నారాయణపూర్, కొండగావ్ పరిసరాలలో నివసించే మురియా గోండులు తరతరాలుగా తమ యువతను తీర్చిదిద్దుకొన్న సంస్థ పేరు ఘోటుల్.

మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన ఉద్గ్రంథంతో ఘోటుల్ పేరు ప్రపంచానికి తెలిసింది. అయితే బయటివారిలో చాలామంది అక్కడి ఆటపాటలనే చూశారు గాని, వాటి వెనుకనున్న కట్టుబాటును గమనించలేదు.

ఊరి బాలబాలికలు సాయంకాలం ఘోటుల్‌కు చేరేవారు. బాలురను చేలిక్‌లనీ, బాలికలను మోతియారీలనీ పిలిచేవారు. సభ్యులకు అక్కడొక కొత్త పేరు లభించేది. ఆ పేర్లలో కొన్నింటితోపాటు బాధ్యత కూడా సంక్రమించేది. చిన్న బాలురు కట్టెలు తేవాలి. బాలికలు ఊడ్చి అలికి శుభ్రపరచాలి. విధి తప్పినవారికి జరిమానా తప్పదు. ఈ వ్యవహారాలలో ఊరిపెద్దలు సాధారణంగా జోక్యం చేసుకొనేవారు కారు. పని నేర్పడం, తప్పు దిద్దడం, తగవు తీర్చడం అన్నీ వయసులో కొద్దిగా పెద్దవారైన సభ్యుల వంతే. నిన్న కట్టెలు మోసిన బాలుడే నేడు ఇతరులకు పని పురమాయించేవాడు. అందుచేత ఆ పనిలోని కష్టం అతనికి తెలుసు.

పెళ్ళిళ్ళలో, పండుగలలో, పొలం పనులలో ఘోటుల్ సభ్యులు ఒక జట్టుగా కదిలేవారు. ఈ సంస్థకు మూలపురుషుడని మురియాలు భావించే లింగో, పద్దెనిమిది వాద్యాలను ఒక్కడే వాయించగల దిట్ట అని వారి కథలు చెబుతాయి. ఘోటుల్ యువత మాత్రం ఒకరి అడుగుకు మరొకరు అడుగు కలపడమే విద్యగా అభ్యసించింది.

ఘోటుల్‌లో మరొక నియమం గమనింపదగినది. వివాహం కాగానే సభ్యత్వం ముగిసేది. నాయకుడైనా నిష్క్రమించవలసిందే. కనుక తన స్థానానికి మరొకరిని సిద్ధం చేయడం నాయకత్వంలో భాగమైంది. పదవిని అంటిపెట్టుకొని ఉండే అవకాశమే అక్కడ లేదు.

కాలక్రమాన అనేక గ్రామాలలో ఘోటుల్ క్షీణించింది. కొన్నిచోట్ల కనుమరుగైంది. ఆ పద్ధతిని యథాతథంగా మరొకచోట నెలకొల్పడం సాధ్యం కాకపోవచ్చు. కాని దాని సారం ఏ పాఠశాలకైనా, ఏ క్రీడాజట్టుకైనా వర్తిస్తుంది. ముందు నేర్చినవాడు వెనుక వచ్చేవాడి చేయి పట్టుకొని నడిపించాలి. అతడు నిలదొక్కుకొన్నాక సంతోషంతో తప్పుకోవాలి. బలమైన బృందాలు ఏర్పడే తీరు ఇదే.