పాత రైఫిల్‌పై రంగు తొలగింపు, పైపూత పునరుద్ధరణ

పాత రైఫిల్‌పై తరువాతి యజమానులు వేసిన రంగును తొలగించి, దాని అసలు పైపూతను బయటకు తీసుకురావడం లేదా తిరిగి కల్పించడం ఆయుధ సేకరణ, సంగ్రహాలయ రంగాలలో తరచుగా ఎదురయ్యే పని. రంగు తొలగించడం అంత కష్టమైన పని కాదు. అయితే రంగుతో పాటు దాని కింద ఉన్న పలుచని అసలు పూత, ముద్రలు, సంఖ్యలు కూడా పోతే వాటిని తిరిగి తీసుకురావడం సాధ్యం కాదు. కొన్ని సందర్భాలలో ఆ రంగే అసలు పూత కావచ్చు, లేదా ప్రమాద సూచిక కావచ్చు. అందువలన పని మొదలుపెట్టే ముందే ఆ రంగు ఏమిటో గుర్తించడం ఇందులో ముఖ్యమైన దశ. ఈ వ్యాసంలో ప్రధానంగా బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను ఉదాహరణగా తీసుకొనడమైనది.

నేపథ్యం

లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ 1895లో బ్రిటిష్ సైన్యంలో ప్రవేశించింది. .303 అంగుళాల బోరు గల ఈ రైఫిల్‌ను భారతదేశంలో పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో కూడా తయారు చేశారు. భారత పోలీసు దళాలు దీనిని చాలాకాలం వాడాయి. ఉత్తర ప్రదేశ్ పోలీసులు 2020లో దీనికి వీడ్కోలు పలికారు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సైన్యాలకు అవసరం లేని రైఫిళ్ళు అమెరికా, కెనడా వంటి దేశాలలో తక్కువ ధరకు అమ్ముడయ్యాయి. కొన్నవారిలో చాలామంది వేటగాళ్ళు. వారు వేటకు అనువుగా ఉండేందుకు కర్ర భాగాలను కోసివేయడం, తుప్పు పట్టకుండా నల్ల రంగు పూయడం, అడవిలో కనిపించకుండా ఆకుపచ్చ, గోధుమ రంగుల మచ్చలు వేయడం చేసేవారు. కాలక్రమంలో ఈ రైఫిళ్ళకు చారిత్రక విలువ ఏర్పడటంతో, ఆ రంగులను తొలగించే పనికి ప్రాధాన్యం వచ్చింది.

అసలు పూతలు

ఉక్కు భాగాలపై ఉండే పూతలు ప్రధానంగా మూడు రకాలు.

బ్లూయింగ్: ఇది ఉక్కు ఉపరితలాన్ని మాగ్నటైట్ అనే నల్లని ఇనుప ఆక్సైడుగా మార్చే ప్రక్రియ. పాత పద్ధతిలో ఉక్కుపై కావాలనే సన్నని ఎర్ర తుప్పు పట్టించి, మరిగే నీటిలో ఉంచి దానిని నల్లగా మారుస్తారు. దీనిని అనేకసార్లు చేస్తారు. కొత్త పద్ధతిలో కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాల వేడి ద్రావణంలో ముంచుతారు. ఈ పొర చాలా పలుచనిది. తుప్పు తొలగించే ఆమ్లాలు దీనిని కూడా కరిగిస్తాయి.

ఫాస్ఫేట్ పూత: దీనిని పార్కరైజింగ్ అని కూడా అంటారు. ఇది బూడిద రంగులో, గరుకుగా ఉంటుంది. దీనిలోని సూక్ష్మ రంధ్రాలు నూనెను పట్టి ఉంచుతాయి. అందువలన తుప్పు నుండి రక్షణ లభిస్తుంది. ఇది కూడా ఆమ్లాలకు కరిగిపోతుంది.

కాల్చిన రంగు: యుద్ధానంతరం బ్రిటిష్ సైన్యం మరమ్మతు చేసిన అనేక రైఫిళ్ళకు ఫాస్ఫేట్ పూతపై సన్‌కొరైట్ అనే నల్ల రంగు వేసి కొలిమిలో వేడిచేసింది. ఇది సైనిక పూతే గాని తరువాత ఎవరో పూసినది కాదు. దీనిని 'అనవసరపు రంగు' అని భావించి గీకివేసినవారు ఆ రైఫిల్ చరిత్రలో ఒక భాగాన్ని చెరిపివేసినవారే అవుతారు.

కర్ర భాగాలకు బ్రిటిష్ రైఫిళ్ళలో వాల్‌నట్, బీచ్, బర్చ్ వంటి కలపలను వాడి, అవిసె నూనె పట్టించేవారు. సోవియట్ రైఫిళ్ళ కర్రపై లక్క నుండి తీసిన షెల్లాక్ పూత కనిపిస్తుంది.

సమాచారం తెలిపే రంగులు

కొన్ని రంగులను అలంకారం కోసం గాక హెచ్చరిక కోసం వేశారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లోని హోంగార్డు దళాలకు అమెరికా ఎం1917 రైఫిళ్ళు ఇచ్చారు. వీటి తూటా .30-06 రకానిది. చూడటానికి ఇవి .303 తూటా వాడే పి14 రైఫిల్ లాగానే ఉండటం వలన, పొరపాటు జరగకుండా వీటి కర్రపై ఎర్రని పట్టీ వేశారు.

అలాగే కవాతుకు మాత్రమే పనికివచ్చే రైఫిళ్ళపై డి.పి. అనే అక్షరాలు ముద్రించి, రంగు పట్టీలు వేస్తారు. ఇవి అరిగిపోయినవి, లోపాలున్నవి లేదా పేల్చడానికి వీలులేకుండా మార్చినవి. భారతదేశంలో నేషనల్ కేడెట్ కోర్ విద్యార్థులు కవాతులో పట్టుకొనేవి ఇటువంటివే. అటువంటి పట్టీని తొలగిస్తే, తరువాత ఆ రైఫిల్ కొన్నవారు దానిని పేల్చడానికి ప్రయత్నించి ప్రమాదానికి గురి కావచ్చు.

రంగు తొలగించే విధానం

మొదట రైఫిల్‌లో తూటా లేదని కంటితోను, వేలితోను తనిఖీ చేయాలి. తూటాలను ఆ గదిలో ఉంచరాదు. పని మొదలుపెట్టక ముందు అన్ని వైపుల నుండి ఛాయాచిత్రాలు తీసుకోవాలి. తరువాత భాగాలను విడదీయాలి. లీ-ఎన్‌ఫీల్డ్‌లో ప్రతి బోల్టును దాని గొట్టానికి సరిపడేటట్లు అమర్చి, సంఖ్య వేస్తారు. అందువలన రెండు రైఫిళ్ళ బోల్టులను ఒకదానికొకటి మార్చరాదు.

కర్ర కింద కప్పబడి ఉన్న గొట్టం భాగాన్ని పరిశీలిస్తే అసలు పూత తెలుస్తుంది. సాధారణంగా రంగు అక్కడి దాకా చేరదు. ద్రావకాలను కూడా మొదట ఇటువంటి కనిపించని చోట పరీక్షించి, బలహీనమైన దాని నుండి బలమైన దానికి క్రమంగా వెళ్ళాలి. మొదట టర్పెంటైను, తరువాత ఆల్కహాలు, ఆపైన అసిటోన్ వాడవచ్చు. డబ్బా నుండి చిమ్మిన సాధారణ రంగు తరచుగా అసిటోన్‌కే కరుగుతుంది. ఈ ద్రావకాలు బ్లూయింగ్‌ను గాని ఫాస్ఫేట్‌ను గాని కరిగించవు. కొలిమిలో కాల్చిన రంగు మాత్రం వీటికి సులభంగా లొంగదు. కర్రపై షెల్లాక్ ఉన్నట్లయితే ఆల్కహాలు వాడరాదు, అది షెల్లాక్‌ను కరిగిస్తుంది.

మెత్తబడిన రంగును నైలాన్ కుంచెతోను, అక్షరాల గాడులలో మిగిలినదాన్ని వెదురు పుల్లతోను తీయాలి. ఇసుక కాగితం, ఆకురాయి, యంత్రపు చక్రం వాడరాదు. ఇవి నిమిషాలలో అసలు పూతను, ముద్రల అంచులను అరగదీస్తాయి. కాస్టిక్ సోడా అల్యూమినియం భాగాలను తినివేస్తుంది.

రంగు పోయిన పిదప లోహాన్ని వెంటనే తుడిచి నూనె రాయాలి. రంగు కింద తుప్పు ఉంటే ఆమ్లం వాడకుండా, నూనెతో తడిపిన అతి సన్నని ఉక్కు పీచుతో మెల్లగా రుద్దాలి. బ్లూయింగ్ పూర్తిగా పోయిన చోట్ల చల్లని బ్లూయింగ్ ద్రవం పూయవచ్చు. కాని సెలీనియం సమ్మేళనాలతో తయారయ్యే ఈ ద్రవం విషపూరితం, దాని పూత ఎక్కువకాలం నిలువదు. పూర్తి బ్లూయింగ్ లేదా ఫాస్ఫేట్ పూత పనిని అనుమతి గల తుపాకుల మరమ్మతుదారుకు అప్పగించడం మంచిది.

కర్ర విషయంలో కూడా ఇసుక కాగితం వాడితే తయారీ, తనిఖీ ముద్రలు చెరిగిపోతాయి. నొక్కులపై తడిగుడ్డ పరచి ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టిస్తే చాలావరకు పైకి లేస్తాయి. ఆరిన తరువాత అవిసె నూనెను పలుచగా, అనేకసార్లు, ప్రతిసారి ఆరనిచ్చి పట్టించాలి.

ఆరోగ్యం, భద్రత

పాత రంగులలో సీసం ఉండవచ్చు. అందువలన పొడిగా గీకరాదు, వేడిచేసి కాల్చరాదు. డైక్లోరోమీథేన్ ఉన్న రంగు తొలగింపు ద్రవాల ఆవిరి శరీరంలో కార్బన్ మోనాక్సైడుగా మారి ప్రాణాపాయం కలిగిస్తుంది. ఈ కారణంగా అమెరికాలో 2019లో సాధారణ వినియోగదారులకు వీటి అమ్మకాన్ని నిషేధించారు. అసిటోన్ త్వరగా అంటుకొంటుంది కనుక గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా పనిచేయాలి. అవిసె నూనె గుడ్డలను కుప్పగా పడవేస్తే తమంతట తామే అంటుకొంటాయి. వాటిని విప్పి ఆరవేయాలి, లేదా నీటిలో ముంచి మూత గల లోహపు డబ్బాలో ఉంచాలి.

గొట్టంలోను, ట్రిగ్గర్ యంత్రాంగంలోను రంగు ముక్కలు మిగిలిపోవచ్చు. కనుక పేల్చడానికి ముందు రైఫిల్‌ను నిపుణునిచేత తనిఖీ చేయించాలి.

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో ఆయుధ చట్టం, 1959లోని 8వ సెక్షన్ ప్రకారం తుపాకిపై ఉన్న పేరు, సంఖ్య, గుర్తింపు ముద్రలను చెరపడం, మార్చడం నేరం. అమెరికాలో కూడా క్రమసంఖ్య చెరిపిన తుపాకిని కలిగి ఉండటం సమాఖ్య చట్టం ప్రకారం నేరం. అందువలన అజాగ్రత్తగా ఇసుక కాగితంతో రుద్దడం చారిత్రక విలువను తగ్గించడమే కాక చట్టపరమైన ఇబ్బందులకు కూడా దారితీయవచ్చు. భారతదేశంలో తుపాకుల మరమ్మతు వ్యాపారానికి 5వ సెక్షన్ కింద లైసెన్సు అవసరం.

ఏది తొలగించాలి, ఏది ఉంచాలి

సైన్యం వేసిన పూతను, హెచ్చరిక పట్టీలను, సైనికుని చేతిలో అరిగిన గుర్తులను ఉంచడం, తరువాత పూసిన రంగును మాత్రమే తొలగించడం మేలైన పద్ధతి. అరిగిన అసలు పూత గల రైఫిల్‌కు, కొత్తగా మెరిసే పూత వేసిన దానికంటె సేకరణదారులు సాధారణంగా ఎక్కువ విలువ ఇస్తారు. సందేహం ఉన్నప్పుడు రంగును అలాగే ఉంచడమే ఉత్తమం. ఉన్న రంగును ఎప్పుడైనా తొలగించవచ్చు, పోయిన పూతను తిరిగి తేవడం మాత్రం వీలు కాదు.