సాంచాలు నిలిచిననాడు ఎవరి బాధ్యత ఎంత?

కార్ఖానాలో సాంచాల చప్పుడు నిలిచిన దినమున ఆ సంగతి పేటలో ఎవరును ఎవరికిని చెప్పనక్కరలేదు. చెవికే తెలిసిపోవును. మొదటి వారము నూలు రాలేదందురు. రెండవ వారము సరుకు కదలలేదందురు. నెల తిరిగిన పిమ్మట తలుపునకు తాళము కనబడును. ఈ దశలు ఒక్కొక్కదానికి చట్టములో ఒక్కొక్క పేరున్నది, ఒక్కొక్క విధమైన బాధ్యత యున్నది. అవి తెలియక మన పనివారు నష్టపోవుటయు, తెలిసియు తెలియనట్లు కొందరు కార్ఖానాదారులు ఊరకుండుటయు మేము చూచుచునే యున్నాము. కావున ఈ సంచికలో ఆ విషయమును సాధ్యమైనంత తేటగా వివరింపదలచితిమి.

షోలాపురము నేర్పిన పాఠము

ఈ చట్టములు పుట్టిన కథలో మన షోలాపురమునకు పెద్ద భాగమే కలదు. అచ్చట జూనీ గిరణి యని పేరుపడిన షోలాపురము స్పిన్నింగు అండు వీవింగు మిల్లు డైరెక్టర్లు 1949 జులై 27న మూసివేత నోటీసు నిచ్చి, ఆగస్టు 27న మిల్లును మూసినారు. తెలంగాణమునుండి తరలివచ్చి ఆ ఊరినే తమ ఊరుగా చేసికొనిన మన పద్మశాలి కుటుంబములకు గిరణి కూలియే పెద్ద ఆధారముగా నుండిన కాలమది. 1950 జనవరి 9న కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి మిల్లు నిర్వహణమును తన చేతిలోనికి తీసికొన్నది. దానిపై వాటాదారులు సుప్రీంకోర్టు కెక్కినారు. 1950లో ఒక తీర్పు, 1953లో మరియొక తీర్పు వెలువడినవి. రెండింటిలోను ముఖ్యముగా విచారింపబడినది వాటాదారుల ఆస్తిహక్కు. మిల్లు మూతపడిన నెలలలో పనివాని పొయ్యి ఎట్లు వెలిగినదను ప్రశ్న ఆ కాగితములలో లేదు.

ఆ ప్రశ్న అదే 1953లో వేరొక దారిన వచ్చినది. బట్టల మిల్లులలో సరుకు పేరుకొనిపోయి, షిఫ్టులు మూయుదురను భయము దేశమంతట వ్యాపించగా, ఆ సంవత్సరము అక్టోబరు 24న ప్రభుత్వము లే ఆఫ్ పరిహారమునకై ఆర్డినెన్సు తెచ్చినది. పిదప అది చట్టమై, 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో చేరినది.

అయినను ఒక సందు మిగిలినది. షోలాపురము జిల్లాలోని బార్శీ పేరుతో నడిచిన లైట్ రైల్వేను 1954 జనవరి 1న ప్రభుత్వము తీసికొన్నప్పుడు, తొలగింపు పరిహారము తమకు రావలెనని పనివారు కోరినారు. వ్యాపారమే నిజముగా ముగిసినప్పుడు గాని చేతులు మారినప్పుడు గాని దానిని తొలగింపు అనరాదని 1956 నవంబరు 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ సందును పూడ్చుటకై పార్లమెంటు 1957లో చట్టమును సవరించి, మూసివేతకును పరిహారము విధించినది. దానిని 1956 నవంబరు 28వ తేదీ నుండియే వర్తింపజేసినది. ఈనాడు కార్ఖానా మూయు ప్రతి యజమానియు పరిహార మియ్యవలసియుండుటకు మూలమిదియే.

2025 నవంబరు 21 నుండి పాత చట్టము స్థానమున 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి అమలులోనికి వచ్చినది. పేరు మారినను, మనకు కావలసిన ముఖ్య సూత్రములు చాలవరకు నిలిచియే యున్నవి.

పని తాత్కాలికముగా నిలిచినచో

నూలు, విద్యుత్తు, బొగ్గు కొరవడుటచే గాని, సరుకు పేరుకొనుటచే గాని, యంత్రము చెడుటచే గాని, ప్రకృతి వైపరీత్యముచే గాని యజమాని పని చూపలేనిచో దానిని లే ఆఫ్ అందురు. ఉద్యోగము పోలేదు, పని మాత్రమే లేదు. 50 మందియు, అంతకు మించియు పనిచేయు చోట, ఒక సంవత్సరము ఎడతెగక పనిచేసిన వానికి మూల వేతనము, కరువుభత్యము కలిపి అందులో సగము ఇయ్యవలెను. పన్నెండు నెలలలో 45 దినములు దాటిన పిమ్మట ఇయ్యనక్కరలేదని ముందుగా ఒప్పందమున్నచో అంతటితో ఆగును, లేనిచో ఆగదు. 300 మందియు, అంతకు మించియు ఉన్న మిల్లు అయినచో లే ఆఫ్‌నకు గాని, తొలగింపునకు గాని, మూసివేతకు గాని ప్రభుత్వపు అనుమతి ముందుగా పొందవలెను.

ఇందు పనివాడు గుర్తుంచుకొనవలసినవి కొన్ని కలవు. లే ఆఫ్ దినములలో రోజున కొకసారియైనను నిర్ణీత వేళకు కార్ఖానాకు పోయి హాజరుపట్టీలో పేరు వ్రాయించుకొనవలెను. పని లేదుకదా యని ఇంట కూర్చున్నచో పరిహారము పోవును. తాను చేయగలిగిన, అదే కూలి వచ్చు వేరు పనిని అదే యజమాని దగ్గరలో చూపినప్పుడు కాదన్నను పోవును. బదిలీ పనివాడని పేరున్నను, సంవత్సరము పూర్తిచేసిన పిమ్మట ఆ సాకు చెల్లదు. సంవత్సరమనగా పన్నెండు నెలలలో 240 దినముల పని. లే ఆఫ్ దినములు కూడ ఆ లెక్కలో చేరును.

పూర్తిగా తొలగించినచో, మూసినచో

తొలగించుటకు ఒక నెల నోటీసు గాని, దానికి బదులు ఒక నెల జీతము గాని ఇయ్యవలెను. పైగా నిండిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనము పరిహారముగా రావలెను. ఆరు నెలలు మించిన భాగమును పూర్తి సంవత్సరముగా లెక్కింతురు. ఒకే తరగతి పనివారిలో చివర చేరినవానినే ముందు తొలగించుట సామాన్య నియమము. కొత్త స్మృతి ప్రకారము తొలగింపబడిన వానికై యజమాని 15 దినముల చివరి వేతనమును నైపుణ్య శిక్షణ నిధికి కట్టవలెను. అది 45 దినములలో పనివాని ఖాతాకు చేరవలెను.

మూసివేతయైనచో 50 మందియు, అంతకు మించియు ఉన్నచోట ప్రభుత్వమునకు 60 దినముల ముందు తెలుపవలెను. పరిహారము లెక్క తొలగింపు వలెనే. తప్పించుకొనరాని కారణముచే మూసినచో మూడు నెలల సగటు వేతనమునకు మించనక్కరలేదని మినహాయింపు కలదు. అయితే డబ్బు చిక్కులు, నష్టములు, అమ్ముడుపోని సరుకు – ఇవి మాత్రమే కారణమైనచో ఆ మినహాయింపు వర్తింపదని చట్టమే స్పష్టముగా చెప్పుచున్నది. మన పేటలలో వినవచ్చు సాకులు తరచుగా ఇవియే కాబట్టి ఈ వాక్యమును ప్రతివారును జ్ఞాపకముంచుకొనవలెను.

ఐదు సంవత్సరములు నిండినవానికి గ్రాట్యుటీ వేరుగా రావలెను. ఇది 10 మందియు, అంతకు మించియు ఉన్నచోట వర్తించును. పరిహార మిచ్చినాము గనుక గ్రాట్యుటీ లేదనుటకు వీలులేదు. మిగిలిన కూలి రెండు పనిదినములలో చెల్లవలెను.

ఒక లెక్క చూతము. రోజునకు సగటున 600 రూపాయలు గడించు పనివాడు 12 సంవత్సరములు ఒకే చోట సాంచాలు నడిపినాడనుకొందము. మూసివేత పరిహారము 600ను 15తో, మరల 12తో హెచ్చవేయగా 1,08,000 రూపాయలు. గ్రాట్యుటీయు అదే రీతిని 1,08,000 రూపాయలు. రెండును కలిపి 2,16,000. నోటీసు జీతము, ప్రావిడెంటు ఫండు దీనికి వెలుపల. ముక్క కూలివానికి ఇవి లేవనుకొనుట పొరపాటు. గడించిన కూలి సగటు మీదనే లెక్క కట్టుదురు.

చిన్న కార్ఖానాల సంగతి

మన వారి కార్ఖానాలలో చాలవరకు 50 మంది ఉండరు. అట్టిచోట లే ఆఫ్ పరిహారము చట్టముచే రాదు. కాని తొలగింపు, మూసివేత పరిహారములకు ఆ 50 మంది షరతు లేదు. ఈ తేడా తెలియక "మాది చిన్న కార్ఖానా, మాకేమియు వర్తించదు" అని యజమానియు నమ్మును, పనివాడును నమ్మును. మరికొన్నిచోట్ల ఒకే షెడ్డును అన్నదమ్ముల పేర్లతో నాలుగు లైసెన్సులుగా విడదీయుదురు. నూలు, పని, డబ్బు, నిర్వహణము ఒక్కటియే యైనచో కాగితము మీద నాలుగైనను న్యాయస్థానము ఒక్కటిగా చూడవచ్చును.

చట్టముకంటె పెద్ద అడ్డు మొగమాటము. ఒక కార్ఖానాలో ఇరువదిరెండేండ్లు పనిచేసిన అన్న యొకాయన మా కార్యాలయమునకు వచ్చినాడు. సాంచాలు పాతయినుమునకు అమ్మినారట. "ఎంత రావలెనో అడిగితివా?" అన్నాము. "వరుసకు మామ అగును. నా బిడ్డ పెండ్లికి బాకీ ఇచ్చినాడు. ఎట్ల అడుగుదు నన్నా?" అన్నాడు. చేతిలో కూలి చీటి ఒక్కటియు లేదు. ఇ.ఎస్.ఐ. కార్డు మాత్రముండెను. దానిని పట్టి చందా కట్టిన సంవత్సరములు తీయించి, ఇద్దరిని కూర్చుండబెట్టి లెక్క వ్రాయగా, బాకీ పోను రావలసినదే ఎక్కువ తేలినది. ఆ కార్ఖానాదారుడు కొంతసేపు కాగితము వంక చూచి, "ఇంత అగునని నాకు నిజముగా తెలియదు" అన్నాడు. నాలుగు వాయిదాలలో చెల్లించినాడు. ఆ మామా అల్లుళ్లు నేటికిని ఒకే గుడిలో మ్రొక్కుచున్నారు. న్యాయము అడిగినంత మాత్రమున బంధుత్వము తెగదని దీనివలన మేము నేర్చుకొంటిమి.

ఇతర ఆధారములు

ఇ.ఎస్.ఐ.లో చందా కట్టిన పనివానికి మూసివేతచే గాని తొలగింపుచే గాని పని పోయినచో, 2005 ఏప్రిల్ 1న ప్రారంభమైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన క్రింద నిరుద్యోగ భత్యము కలదు. రెండు సంవత్సరముల చందా ఉండవలెను. మొదటి 12 నెలలు వేతనములో సగము, తరువాతి 12 నెలలు నాలుగవ వంతు, వైద్యసహాయము కూడ లభించును. మూతపడిన మిల్లుల పనివారికై 1986లో ఏర్పడిన పునరావాస నిధి పథకము 2017లో దీనిలోనే కలిసిపోయినది. యజమాని చందా కట్టనిచో ఈ ద్వారము మూసికొనిపోవును. కాబట్టి పని ఉన్ననాడే కార్డు అడిగి తీసికొనుడు.

పెద్ద మిల్లు దివాలా తీసినచో 2016 నాటి దివాలా స్మృతి ప్రకారము, లిక్విడేషనుకు ముందరి 24 నెలల పనివారి బకాయిలు తాకట్టు పెట్టుకొనిన బ్యాంకులతో సమాన వరుసలో నిలుచును. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ నిధుల సొమ్ము అప్పులవారి పంపకములో చేరదు.

బరంపురము పట్టు మగ్గములపైన గాని, తమిళ, కన్నడ సీమల ఇండ్లలో గాని మాస్టరు వీవరు నూలుతో కూలికి నేయు సోదరులకు పైవానిలో చాలభాగము అందదు. వారిని అసంఘటిత కార్మికులుగా ఎంచి 2021లో ఇ-శ్రమ్ నమోదు ప్రారంభించినారు. నమోదు మంచిదే, కాని మగ్గము ఖాళీయైన నెలకు అది కూలి ఇయ్యదు.

మా మనవి

కార్ఖానాదారులకు మా మనవి ఇది. మూయవలసివచ్చినచో ముందుగా చెప్పుడు. పనివానికి రెండు నెలల వ్యవధి దొరికినచో వేరొకచోట సాంచాలు వెదకికొనును. సాంచాలు అమ్మిన డబ్బులో మొదటి భాగము పనివారి లెక్కకు ఉంచుడు. పెండ్లికిచ్చిన బాకీని పరిహారములో కలిపివేయక, రెండు లెక్కలను వేరువేరుగా కాగితముపై చూపుడు. చట్టము చేరని ఇంటి మగ్గము వానికి, కనీసము ఎక్కించిన పడుగు దిగువరకు పని ఆపకుడు.

పనివారికి మా మనవి: కూలి చీటీ, హాజరు, ఇ.ఎస్.ఐ., ప్రావిడెంటు ఫండు నంబరు జాగ్రత్తగా ఉంచుకొనుడు. ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేయకుడు. కూలి బకాయికై మూడు సంవత్సరములలోపల దరఖాస్తు చేయవచ్చును. కాని ఆలస్యమైనకొలది సాక్ష్యము జారిపోవును.

ఇక సంఘము చేయవలసినది మిగిలినది. 50 మంది లేని కార్ఖానాలలో సాంచాలు నిలిచిన వారములకు పనివానికి ఏ దిక్కును లేదు. ఆ లోటును తీర్చుటకు సాంచా ఒక్కింటికి నెలకు కొంత చొప్పున యజమానులు, అందులో కొంత పనివారు వేసికొని ఒక సహాయనిధి నేర్పరుపవలెనని మేము రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింపనున్నాము. యజమానియు మనవాడే, పనివాడును మనవాడే. ఆ మాటను పండుగ సభలలో మాత్రమే కాక, తాళము పడిన దినమున కూడ చెప్పగలుగవలెను. సభ్యులందరు ఆలోచించి సమావేశమునకు రావలసినదిగా కోరుచున్నాము.