‘డ్రోన్ ఆన్’ అంటే ఏమిటి? ఎప్పుడు వాడాలి?

వినేవాళ్లకు విసుగొస్తున్నా పట్టించుకోకుండా, ఒకే గొంతుతో చాలాసేపు మాట్లాడుతూ పోవడాన్ని ఇంగ్లిష్‌లో ‘డ్రోన్ ఆన్’ అంటారు. ఇది ఫ్రేజల్ వెర్బ్. అంటే క్రియకు ఆన్, అవుట్, అప్ వంటి చిన్న మాట తోడై, రెండూ కలిసి ఒకే క్రియగా పనిచేస్తాయి.

డ్రోన్ అంటే మగ తేనెటీగ. తేనెటీగల రొదలా హెచ్చుతగ్గులు లేకుండా సాగే మోతకూ ఆ పేరే వచ్చింది. తంబురా శ్రుతిని కూడా ఇంగ్లిష్‌లో డ్రోన్ అంటారు. పాటకు ఆ నిలకడే ఆధారం. ప్రసంగంలో మాత్రం అది నిద్ర తెప్పిస్తుంది. ఇక ‘ఆన్’ ఆ మోత ఆగకుండా సాగుతోందని చెబుతుంది.

‘ద స్పీకర్ డ్రోన్డ్ ఆన్ ఫర్ టూ అవర్స్’ అంటే వక్త రెండు గంటలు ఊదరగొట్టాడని అర్థం. దేని గురించో చెప్పాలంటే ‘ఎబౌట్’ చేర్చాలి: ‘హి డ్రోన్స్ ఆన్ ఎబౌట్ హిజ్ కాలేజ్ డేస్’. ఈ ప్రయోగంలో క్రియకు కర్మ ఉండదు. డ్రోన్‌కూ ఆన్‌కూ మధ్య కర్మను ఇరికించడం కుదరదు.

కర్త ఎవరన్నది ముఖ్యం. డ్రోన్ ఆన్ చేసేది మాట్లాడే మనిషి, విసుగు పడేది వినేవాడు. ‘నాకు బోర్ కొడుతోంది’ అనడానికి ‘ఐ యామ్ బోర్డ్’ అనాలి. ‘ఐ యామ్ డ్రోనింగ్ ఆన్’ అంటే విసిగిస్తున్నది నేనే అని ఒప్పుకోవడం. మీటింగ్ ఎంతకీ తెమలకపోతే ‘డ్రాగ్ ఆన్’ సరిపోతుంది.

తెలుగులో దీనికి దగ్గరి మాట ‘సుత్తి కొట్టడం’. దర్శకుడు జంధ్యాల సినిమా ‘నాలుగు స్తంభాలాట’ (1982)తో హాస్యనటులు వీరభద్రరావు, వేలులకు ఇంటిపేరులా మారిపోయిన మాట అది. అయితే సుత్తి హుషారుగానూ కొట్టవచ్చు. డ్రోన్ ఆన్‌లో గొంతు చప్పగా ఉండాలి, మాట సాగాలి.

ఇది ఎదుటివారిని తప్పుపట్టే మాట. అందువల్ల పై అధికారి గురించి ఈమెయిల్‌లో రాయడం మర్యాద కాదు. తన గురించి చెప్పుకుంటే మాత్రం వినయంగా ఉంటుంది: ‘ఐ వోంట్ డ్రోన్ ఆన్’ అంటే ‘ఎక్కువసేపు విసిగించను’ అని సభకు మాట ఇవ్వడం.