అంకెలను గీతలుగా చూచుట వలని లాభము

పాల సంఘములు తమ పాలు, పెరుగులను పట్టణములలో చిన్న అంగళ్ళ ద్వారా అమ్మించుట నేడు వాడుకయైనది. పేరు సంఘముది, సరకు, ధర, శుభ్రతా నియమములు సంఘమువే, అంగడిని మాత్రము స్థానికు డొకడు తన పెట్టుబడితో నడుపుకొనును. దీనినే వర్తకులు ఫ్రాంచైజీ యందురు. అమూల్ పేరుతో నడచు అంగళ్ళలో పెక్కులు ఈ తీరువే.

అంగళ్ళు నాలుగున్నప్పుడు కార్యదర్శి అన్నిటిని స్వయముగా చూచుకొనగలడు. నలువదియైనప్పుడు చిట్టాలే ఆధారము. ఆ అంకెల వరుసల నన్నిటిని చదువు తీరిక యెవరికి? మొత్తము కూడిక చూచి పక్కన బెట్టుదురు. ఒక అంగడి చెడుటయు, వేరొకటి బాగుపడుటయు ఆ కూడికలో మునిగిపోవును.

ఇందుకు విరుగుడు గ్రాఫు. 1786లో విలియం ప్లేఫెయిర్ అను స్కాట్లండు దేశీయుడు ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను గీతలుగా గీచి లండనులో ప్రచురించెను. ఆ పద్ధతియే నేటికిని నిలిచియున్నది. గళ్ళ కాగితముపై అడుగున వారములను, ప్రక్కన లీటర్లను గుర్తింపవలెను. వారమున కొక చుక్క పెట్టి, చుక్కలను కలుపవలెను. అమ్మకమున కొక గీత, అమ్ముడుపోక తిరిగివచ్చిన పాలకు వేరొక గీత యుండవలెను. అంగడి కొక కాగితము చొప్పున గీచినను, అన్నిటిపై గడి విలువ ఒకటే కావలయును. ఒకచోట గడికి అయిదు లీటర్లు, వేరొకచోట ఏబది యైనచో కన్ను మోసపోవును. పండుగలు, సెలవులు, కరెంటు కోతలు అడుగున వ్రాసియుంచవలెను.

నేనెరిగిన యొక సంఘమున కళాశాల యెదుటి అంగడిని ఒక వితంతువు నడుపుచుండెను. ఏప్రిలులో అమ్మకము సగమునకు పడిపోగా, ఒప్పందము రద్దుచేయుటకు కమిటీవారు సిద్ధమైరి. మూడేండ్ల అంకెలను గీచి చూపితిమి. ప్రతి యేట వేసవి సెలవులలో గీత దిగి, కళాశాల తెరువగానే లేచుచున్నది. తప్పు ఆమెది కాదు. ఆమె జీవనాధారము నిలిచినది.

ఆనాడే బస్సు స్టాండు అంగడి కాగితమును చూచితిమి. అమ్మకము అన్నిటికంటె హెచ్చు గనుక దానిని ఎవరును శంకింపలేదు. కాని తిరిగివచ్చు పాల గీత వారము వారము పైకి ప్రాకుచుండెను. వెళ్ళి చూడగా మంచుపెట్టె మూత సరిగా పడుటలేదు! మరమ్మతునకైన ఖర్చు స్వల్పము. అంతవరకు పుల్లబడిన ప్రతి లీటరును సభ్యుల బోనసు నుండియే తరిగినది.

అమెరికాలో బెల్ టెలిఫోను వ్యవస్థకు చెందిన వాల్టర్ షూహార్ట్ 1924లో ఈ భేదమునే కర్మాగారముల కొరకు గీతపటముగా రూపొందించెను. ప్రతి పనిలోను సహజమైన హెచ్చుతగ్గులుండును. వాని వెంట పరుగిడరాదు. ఆ మేరను దాటిన దానికే ప్రత్యేక కారణము వెదకవలెను.

గీత చోటు చూపునే గాని కారణము చెప్పదు. కారణమునకు అంగడికే పోయి, నడుపువాని నడుగవలెను. అడుగకమున్ను శిక్షించుట అన్యాయము.

కంప్యూటరున్నచోట అదియే గీయును. లేనిచోట గళ్ళ కాగితము, పెన్సిలు చాలును. గీచిన కాగితములను బీరువాలో దాచక, సభ్యులందరు చూచునట్లు సంఘపు గోడకు తగిలింపుడు. వచ్చు నెల చిట్టాతోనే ఆరంభింపుడు.