అన్యరాష్ట్రపు పాత కారు: అపోహలు – వాస్తవములు

ఢిల్లీలో కొన్నేండ్లు తిరిగిన డీజిలు కారు విజయవాడ ధరకంటె ఎంతయో చౌకగా దొరకునను వార్త చెవిని బడిన నాటినుండి మధ్యతరగతి గృహస్థునకు నిద్ర పట్టదు. బ్రోకరు ఫోనులో ఫొటోలు పంపును, బయానా చెల్లును, లారీపై నెక్కియో, బావమరది నడపగనో, కారు వచ్చి ఇంటిముందు నిలుచును. కారు సరిహద్దును దాటినంత సుళువుగా దాని యాజమాన్యము దాటదను సంగతి మాత్రము అప్పటికి ఎవ్వరికిని తోచదు. ఈ విషయమున జనులలో వ్యాపించియున్న అపోహలలో పెక్కులు ఆ యొక్క భేదమును మరచుటవలన పుట్టినవే.

బజారులో ‘రిజిస్ట్రేషను లేని బండి’ యని అమ్ముడగునవి అన్నియు ఒక్క తీరువి కావు. పరరాష్ట్రమున సక్రమముగా రిజిస్టరై, మన రాష్ట్రమున ఇంకను నంబరు పొందనివి కొన్ని. 15 ఏండ్ల గడువు తీరిపోగా పునరుద్ధరణము జరుగనివి కొన్ని. అధికారులే రిజిస్ట్రేషను రద్దుచేసినవి మరికొన్ని. మొదటి తరగతివానికి మార్గము సుగమము. రెండవ తరగతికి ఫిట్‌నెస్ పరీక్ష, పునరుద్ధరణము కావలయును. అవి యైనచో మరి 5 ఏండ్లు నడచును. మూడవ తరగతిని మాత్రము తుక్కు ధరకు మించి కొనుట అవివేకము. రిజిస్ట్రేషను లేక బండి నడపినచో 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము మొదటి తప్పునకే రెండువేలనుండి అయిదువేల రూపాయలవరకు జరిమానా గలదు. ఈ మూటిలో తన ముందున్న బండి ఏ తరగతిదో తెలిసికొనకయే రంగును గూర్చియు, మైలేజిని గూర్చియు బేరమాడువారే ఎక్కువమంది.

‘ఏడాదివరకు పరరాష్ట్రపు నంబరుతో ఎక్కడనైనను తిరుగవచ్చును, ఎవ్వరును అడుగరు’ అను మాట అపోహలన్నిటిలోను బలమైనది. సగము నిజమగుటయే దాని బలము. ఒక రాష్ట్రమున రిజిస్టరైన వాహనమును వేరొక రాష్ట్రమున 12 నెలలకు మించి ఉంచినచో క్రొత్త నంబరునకు దరఖాస్తు పెట్టవలయునని చట్టములోని 47వ సెక్షను చెప్పుచున్నది నిజమే. కాని అది ఉద్యోగరీత్యా బెంగుళూరునుండి హైదరాబాదునకు తన బండిని తెచ్చుకొన్న యజమానికి ఊరట. బండిని కొన్నవానికి కాదు. కొన్నవానికి వర్తించునది 50వ సెక్షను. దాని ప్రకారము అమ్మినవాడు, కొనుగోలుదారు పరరాష్ట్రమువాడైనచో 45 దినములలోగా, కొన్నవాడు 30 దినములలోగా ఆ బదిలీని అధికారికి తెలుపవలసియున్నది. ఇక పన్ను మాట వేరు. రిజిస్ట్రేషను నిబంధనలు కేంద్రచట్టమునందున్నను, వాహనములపై పన్ను విధించు అధికారమును రాజ్యాంగము రాష్ట్రముల కిచ్చినది. కావున 12 నెలల మాట చూపి లైఫ్ ట్యాక్సును వాయిదా వేయుట కుదురదు. రోడ్డుపై ఆపిన మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు ఈ రెంటిని వేరువేరుగానే అడుగును.

తాళపుచెవులు చేతికి వచ్చినవి, స్టాంపు కాగితముపై సంతకములైనవి, సొమ్ము బ్యాంకుద్వారా పోయినది గనుక కారు మనదే యని ధీమాగా ఉండువారు, ఆ ధీమా తమకంటె అమ్మినవానికే ఎక్కువ అపాయకరమని యెరుగరు. హర్యానాలో ఒక కారు పలువురి చేతులు మారి, ఎవ్వరును రిజిస్టరులో పేరు మార్పింపకుండగనే 2009లో ప్రమాదమునకు గురికాగా, ఆ వ్యాజ్యము సుప్రీముకోర్టువరకు పోయినది. 2018లో ఆ న్యాయస్థానము, రిజిస్టరులో ఎవని పేరున్నదో వాడే చట్టదృష్టిలో యజమానియని, బాధితులకు పరిహారము చెల్లింపవలసిన బాధ్యత వానిదేయని తీర్పు చెప్పినది. ఏనాడో అమ్మి మరచిపోయిన కారు ఎవరినో గుద్దినందుకు మొదటి యజమాని బాధ్యుడగుట అన్యాయముగా తోచవచ్చును. కాని చేతులు మారిన ప్రతి యొప్పందమును వెదకుకొనుచు తిరుగుమని గాయపడినవానితో చెప్పుట అంతకంటె అన్యాయము కాదా? ఈ తీర్పు తెలిసిన అమ్మకందారుడు పేరు మార్పింపుమని వెంటబడినచో విసుగుకొనరాదు. తెలియనివాడైనచో మనమే చెప్పవలయును.

పేరు మారుటకు ముందు, 28వ ఫారము మీద పాత ఆర్.టి.ఓ. కార్యాలయమునుండి రావలసినది ఎన్.ఓ.సి., అనగా నిరభ్యంతర పత్రము. దరఖాస్తు అందిన 30 దినములలోగా ఆ యధికారి నిరాకరణమును తెలుపనిచో ఎన్.ఓ.సి. ఇచ్చినట్లే భావింపవలెనని చట్టమున నున్నది. అయితే ఆ వాక్యమును నమ్ముకొని కాగితము లేకుండ మన కార్యాలయమునకు పోవుట కోరి కష్టము తెచ్చుకొనుటయే. కారుపై బ్యాంకు అప్పున్నచో అది తీరినంతమాత్రమున ఆర్.సి.లోని హైపోథికేషను, అనగా బ్యాంకు తాకట్టు నమోదు, తనంత తాను తొలగిపోదు. 35వ ఫారముపై బ్యాంకువారి సంతకము తెచ్చి దానిని కొట్టివేయింపవలయును. అప్పు తీరి అయిదేండ్లయినను ఆర్.సి.లో బ్యాంకు పేరట్లే నిలిచియున్న కార్లు మన వీధులలో తక్కువ కాదు.

ఢిల్లీ డీజిలు కార్ల మాట యొకింత విస్తరించి చెప్పదగినది. జాతీయ హరిత న్యాయస్థానము 2015లో 10 ఏండ్లు దాటిన డీజిలు బండ్లు రాజధాని ప్రాంతమున నడువరాదనినది. 2018లో సుప్రీముకోర్టు, 15 ఏండ్లు దాటిన పెట్రోలు బండ్లపై నిషేధముతో సహా, దానిని బలపరచినది. తరువాత ఆ యుత్తరువులలో మార్పులును వచ్చినవి. అక్కడ నిషిద్ధమైన బండి దేశమంతట తుక్కేయని కొందరును, ఢిల్లీవారు తోలివేయు బండి కనుక కళ్ళు మూసికొని కొనవచ్చునని కొందరును అందురు. ఇరువురును పొరబడినవారే. ఆ నిషేధము ఆ ప్రాంతపు గాలికి సంబంధించినది. సొంత కారు రిజిస్ట్రేషను చట్టప్రకారము 15 ఏండ్లు చెల్లును. కావున తొమ్మిదేండ్ల డీజిలు కారు సక్రమమైన ఎన్.ఓ.సి.తో మన యూరికి వచ్చినచో మిగిలిన యేండ్లు నిరాటంకముగ తిరుగగలదు. అయితే అక్కడి యధికారి ఏయే ప్రాంతములకు ఎన్.ఓ.సి. ఇచ్చుచున్నాడో, మన ఆర్.టి.ఓ. ఆ వయస్సు బండిని స్వీకరించునో లేదో బయానా ఇయ్యకముందే విచారించుకొనవలయును.

కాగితము నిర్దోషమైనంతనే బండి నిర్దోషమని అనుకొనరాదు. 2015లో చెన్నై, 2018లో కేరళము, 2020లో హైదరాబాదు, 2024లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు నీటిపాలైన కార్లలో బాగుచేయబడి, ఆ వరద నెరుగని దూరపు ఊళ్ళలో అమ్మకమునకు వచ్చునవి యుండును. సీటుబెల్టును చివరివరకు లాగి చూడుడు. పైభాగమును కడిగినవాడు లోపలి చుట్టలోని బురదచారను తరచుగా మరచును. డిజిటలు మీటరు గనుక రీడింగును వెనుకకు త్రిప్పుట అసాధ్యమనుటయు భ్రాంతియే. అది పాత ముల్లు మీటరుకంటె సులభముగానే మారును, కావున సర్వీసు రికార్డులలోని కిలోమీటర్లతో పోల్చి చూడవలయును.

కారుతోపాటు ఇన్సూరెన్సును వచ్చినది గదా యని నిశ్చింతగా ఉండరాదు. చట్టప్రకారము తనంత తాను సంక్రమించునది మూడవ వ్యక్తికి కలుగు నష్టపు భద్రత మాత్రమే. మన కారు దెబ్బతిన్నచో సొమ్మిచ్చు భాగము కంపెనీ అంగీకరించి పేరు మార్చినగాని మనకు చెల్లదు. దానికి 14 దినములలో దరఖాస్తు చేయవలెను. అమ్మినవాడు కూడబెట్టిన నో క్లెయిము బోనసు వానితోనే పోవును, కారుతో రాదు.

‘పేపర్లన్నియు మేమే చూచుకొందుము’ అను బ్రోకరు అభయమునకు 2023 ఏప్రిలునుండి ఒక గీటురాయి ఏర్పడినది. అనుమతి పత్రము పొందిన డీలరు, కారు తన స్వాధీనమునకు వచ్చినట్లు ఆర్.టి.ఓ.కు తెలిసినంతట చట్టరీత్యా దానికి యజమానిగా భావింపబడును. ఆ పత్రమును చూపుమని అడిగినంతనే మాట మార్చువాని యభయమునకు విలువ లేదు.

ఇక పన్ను. ఢిల్లీలో కట్టిన పన్ను మన కార్యాలయమున చెల్లదు. ఇక్కడ లైఫ్ ట్యాక్సు మరల కట్టవలెను. అదియు మనము బేరమాడి తగ్గించిన ధరపై గాక, కారు క్రొత్తదిగా నున్ననాటి ధరను, దాని వయస్సును బట్టి లెక్కింపబడును. ఖరీదైన పాత కారు చౌకగా దొరకినదని సంబరపడినవాడు ఇచ్చటనే కంగు తినును. అక్కడ చెల్లించిన పన్నులో మిగిలిన కాలపు భాగమును ఆ రాష్ట్ర నిబంధనలనుబట్టి తిరిగి రాబట్టుకొనవచ్చును. కాని ఆ దరఖాస్తు పోవలసినది మొదట పన్ను కట్టించుకొన్న కార్యాలయమునకు, అడుగవలసినవాడు సాధారణముగా పన్ను కట్టినవాడు. కావున ఆ సొమ్మెవరికి చెందవలెనో బేరమునాడే తేల్చుకొని, వాని సంతకము ముందుగనే తీసికొననిచో, ఇక్కడ నంబరు వచ్చిన పిదప ఆ పెద్దమనిషి మన ఫోను ఎత్తునను నమ్మకము లేదు.